సమాధానం: చామనఛాయ ముఖం బూడిద పూసినట్టు వస్తోంది

ఫొటో చూసి నూనెరంగులతో మీ అమ్మగారి బొమ్మ వేస్తుంటే చామనఛాయ ముఖం బూడిద పూసినట్టు వస్తోందని అడిగారు. నలుపుతో నీడ ముదురు చేసి, ఎక్కువైందని టైటానియం వైట్ (తెలుపు రంగు) కలిపానన్నారు. బొమ్మలో బుగ్గ కింద బూడిదరంగు అక్కడి నుంచే వచ్చింది. ఐవరీ బ్లాక్ అనే నలుపు, తెలుపు కలిస్తే నీలంవైపు మొగ్గే బూడిదరంగే వస్తుంది.

1. ఆ రెండు ట్యూబులూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి.
2. బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) సమంగా కలపండి. ఇది అసలు ఛాయ.
3. నీడకు ఇందులోంచే కొంత తీసి అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం) పిసరంత కలపండి. తెలుపు అస్సలొద్దు.
4. వెలుగుకు ముందు ఓకర్ పెంచండి. చాలకపోతేనే తెలుపు, అదీ రంగులు కలిపే కత్తి మొనతో తీసినంతే.

చాలామంది వదిలేసేది ఒకటుంది. తెల్లటి పాలెట్ (రంగులు కలిపే పలక) మీద ఏ రంగైనా ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది. అందుకే చెయ్యి మళ్లీ మళ్లీ తెలుపు వైపు పోతుంది. పాలెట్‌ని నమ్మకండి. కలిపిన రంగును కత్తి అంచున తీసి, ఫొటోలో అదే చోట ఆనించి, కళ్లు సగం మూసి చూడండి. తేడా తెలియనప్పుడే కాన్వాసు మీద పెట్టండి. ప్రతి రంగుకీ ఇలాగే, విసుగొచ్చినా సరే. అమ్మగారి ఛాయ చాలా అందమైనది, దాన్ని తెల్లబరచొద్దు.

ఇప్పుడున్న బూడిద భాగం ఇంకా పచ్చిగా ఉంటే గీకేయండి, పైన పూస్తే కొత్త రంగులో కలిసిపోతుంది. పూర్తిగా ఆరి ఉంటే బర్న్ట్ సియెన్నాలో కొద్దిగా అవిసెనూనె కలిపి పల్చటి పొర వేయండి.