వాషింగ్ మిషన్ మధ్యలో ఆగిపోతోందా? బోర్డు మార్చకముందు కింద ఫిల్టర్ తీసి చూడండి

అక్కా, మీ ప్రశ్న చదివాను. 7 కిలోల ఫ్రంట్ లోడ్ మిషన్, కొని మూడేళ్లయింది, ఉతకడం బాగానే ఉతికి రెండు వారాలుగా 12 నిమిషాల దగ్గర అంకె కదలకుండా నిలిచిపోతోంది, లోపల నీళ్లు అలాగే ఉంటున్నాయి, తలుపు తెరుచుకోవడం లేదు, చూడ్డానికొచ్చిన మెకానిక్ బోర్డు (మిషన్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) పోయింది, 7 వేలవుతుంది అన్నాడు, మార్చమంటారా అని అడిగారు. ఇప్పుడే మార్చకండి. లోపల నీళ్లు నిలబడ్డాయంటే ముందు అనుమానించాల్సింది నీళ్లు బయటికి పోయే దారిని, బోర్డుని కాదు. ఆ మాట ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా ఇంట్లోనూ అచ్చం ఇదే జరిగింది, నేను డబ్బులు కట్టేయబోయాను కూడా.

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మీరు చిత్తూరువాళ్లే కాబట్టి తిరుపతిలో ఇల్లుంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు, ఏడాది పొడుగునా కొండకు పోయే చుట్టాలు వస్తూనే ఉంటారు. రెండేళ్ల కిందట మా పిన్నమ్మ మనవడికి పుట్టువెంట్రుకలు తీయించాలని పదకొండు మంది వచ్చారు. పిల్లాడితో పాటు మగవాళ్లు నలుగురు కల్యాణకట్టలో గుండు చేయించుకున్నారు. అప్పుడు వేసుకున్న చొక్కాలు, పంచెలు, తువ్వాళ్లు అన్నీ తడితడిగా ఒక సంచిలో కుక్కి తెచ్చారు. ఆ రాత్రే రైలు, తొందరలో ఎవరో వాటిని దులపకుండానే మిషన్లో వేసేశారు. అప్పటికి బాగానే తిరిగింది. నాలుగు రోజుల తర్వాత మా అమ్మ పిలిచింది, "నాయనా, మిషను నిలబడిపోయిండాది చూడు" అని. 18 దగ్గర ఆగింది, డ్రమ్ములో సగానికి నీళ్లు. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే కొంచెం సేపు గుర్రుమని మళ్లీ అదే అంకె.

వచ్చినతను రెండు బటన్లు నొక్కి చూసి, బోర్డే అన్నాడు, 6,500. వంగి అడుగున చూడనే లేదు. పార్టు తెప్పించడానికి రెండు రోజులు పడుతుందన్నాడు, ఆ రెండు రోజులే నన్ను కాపాడాయి. ఆదివారం మాన్యువల్ తీసి చదివితే వెనక పేజీల్లో డ్రెయిన్ పంప్ ఫిల్టర్, అంటే నీళ్లు బయటికి తోసే పంపు ముందుండే జల్లెడ, నెలకోసారి శుభ్రం చేయాలని రాసి ఉంది. మూడేళ్లలో ఒక్కసారి కూడా తెరవలేదు.

తెరిచే పద్ధతి చెప్తాను, ఇది తొందరపడే పని కాదు. ముందు ప్లగ్గు పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. వేడినీళ్ల ప్రోగ్రాం పెట్టి ఉంటే గంటసేపు చల్లారనివ్వండి. ముందువైపు అడుగున, ఎక్కువగా కుడిచేతి మూలన, చిన్న చతురస్రపు మూత ఉంటుంది, గోటితోనో స్పూనుతోనో లాగితే వస్తుంది. దాని పక్కన వేలంత సన్నటి రబ్బరు గొట్టం ఉంటే అదృష్టం, దాని బిరడా తీసి పళ్లెంలోకి నీళ్లు వదలండి, పళ్లెం నిండగానే బిరడా పెట్టేసి పారబోసి మళ్లీ. మా మిషన్లోంచి రెండు బకెట్లు వచ్చాయి, అరగంట పట్టింది. ఆ గొట్టం లేని మోడల్ అయితే కింద పాత దుప్పటి పరిచి, ఫిల్టర్‌ని పావు వంతు మాత్రమే తిప్పి నీళ్లు కారనివ్వాలి. ఒక్కసారిగా తీశారంటే వంటిల్లంతా చెరువవుతుంది.

నీళ్లన్నీ పోయాక ఫిల్టర్ ఎడమకి తిప్పి లాగాను. వెంటనే రాలేదు. నెమ్మదిగా అటూ ఇటూ ఆడిస్తే దాని వెనకే నల్లగా బొటనవేలంత లావున జడలాంటిది వచ్చింది. వెంట్రుకలు, సబ్బు జిగురు, దూది నూలు అన్నీ పేనుకుపోయి తాడైపోయాయి. దాన్ని విప్పితే రెండు చొక్కా గుండీలు, తుప్పుపట్టిన పిన్నీసు, ఒక పసుపు గుడ్డ పీలిక కనిపించాయి. ఆ పీలిక చూడగానే మా అమ్మ "అది ముడుపురా" అంది. టార్చి వేసి లోపల చూస్తే పంపు రెక్కకీ గోడకీ మధ్య రూపాయి బిళ్ల నిలువుగా ఇరుక్కుని ఉంది. పట్టకారుతో తీయడానికి పావుగంట పట్టింది. అమ్మ దాన్ని పసుపు నీళ్లలో కడిగి దేవుడి గూట్లో పెట్టింది, ఆ తర్వాతి శనివారం కొండకి పోయినప్పుడు హుండీలో వేసి వచ్చాను.

ఫిల్టర్ తీశాక చాలామంది కడిగి పెట్టేసి ఊరుకుంటారు. ఫిల్టర్ పోయిన రంధ్రంలో చిన్న రెక్క ఉంటుంది, దాన్ని వేలితో తిప్పి చూడాలి. అది ఫ్యానులా సాఫీగా తిరగదు, టక్కు టక్కుమని ఆగి ఆగి తిరుగుతుంది. మోటార్లో అయస్కాంతం ఉండటం వల్ల అలా ఉంటుంది, పాడైందనుకోకండి. అసలు కదలకపోయినా, పట్టుకుంటే వదులుగా ఊగిపోతున్నా అప్పుడు పంపు సంగతి చూడాలి. ఫిల్టర్ తిరిగి బిగించేటప్పుడు రబ్బరు వాషర్ మీద ఒక్క వెంట్రుక కూడా లేకుండా తుడిచి గట్టిగా బిగించండి, లేకపోతే కారుతుంది.

తలుపు గురించి కూడా భయపడకండి. లోపల నీళ్లున్నంత సేపూ తాళం వదలదు, కరెంటు తీసేశాక కూడా చాలా మిషన్లలో ఆ తాళం వదలడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. బలంగా లాగితే హ్యాండిల్ విరుగుతుంది, అదో కొత్త ఖర్చు.

ఫిల్టర్ శుభ్రంగానే ఉంటే మిషన్ వెనక డ్రెయిన్ పైపు మడతపడిందేమో చూడండి. ఊడ్చేటప్పుడు మిషన్ని గోడకి నెట్టేస్తుంటాం, పైపు నలిగిపోతుంది. తర్వాత డ్రెయిన్ సమయంలో చెవి పెట్టి వినండి. పంపు గుంయ్‌మంటూ నీళ్లు రాకపోతే ఎక్కడో అడ్డం ఉంది, అసలు చప్పుడే లేకపోతే పంపుగానీ దానికి వెళ్లే వైరుగానీ. పంపు బోర్డు కన్నా చాలా చవక. అందుకే మెకానిక్‌ని ఇదొక్కటి అడగండి: "పంపు కనెక్టర్ దగ్గర కరెంటు వస్తోందా లేదా మీటరు పెట్టి చూపించన్నా" అని. కరెంటు వస్తుంటే బోర్డు తన పని చేస్తున్నట్టే. రాకపోతే వైరింగ్ కూడా చూశాక అప్పుడు బోర్డు మాట ఎత్తవచ్చు.

ఇది చదివే మిగతావాళ్లలో కొందరికి వేరే చోట ఆగుతుండొచ్చు, వాళ్లకి కూడా రాస్తాను. మిషన్ ఎక్కడ ఆగిందో చూస్తే దేనికోసం ఎదురుచూస్తోందో తెలిసిపోతుంది. నీళ్లు నిండాలి, వేడెక్కాలి, బయటికి పోవాలి, గుడ్డలు సమంగా సర్దుకోవాలి. ఈ నాలుగింట్లో ఏది తెమలకపోయినా అంకె అక్కడే ఉండిపోతుంది. తెర మీద అక్షరాలు వస్తే మరీ మంచిది. ఎల్‌జీలో ఐఈ అంటే నీళ్లు రావడం లేదని, ఓఈ అంటే పోవడం లేదని, యూఈ అంటే బరువు ఒకవైపుకి పోయిందని. శామ్‌సంగ్‌లో 4సీ నీళ్లు రాకపోవడం, 5సీ పోకపోవడం. ఆ కోడ్ ఫోటో తీసి పెట్టుకోండి, మెకానిక్ వచ్చేసరికి కొన్నిసార్లు పోతుంది.

మొదట్లోనే ఆగితే నీళ్ల సంగతి. మన వైపు చాలా ఇళ్లలో బోరు నీళ్లే, గార ఎంత పడుతుందో స్టీలు బిందె అడుగు చూస్తే చాలు. అదే గార మిషన్ వెనక నీళ్లు వచ్చే పైపు బిగించే చోట ఉండే చిన్న జల్లెడకి కూడా పడుతుంది. కొళాయి కట్టేసి, పైపు మర విప్పి, ఆ జల్లెడని పట్టకారుతో మెల్లగా లాగి, నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో గంట నానబెట్టి పాత బ్రష్షుతో రుద్దితే పోతుంది. జల్లెడ బాగానే ఉన్నా నీళ్లు సన్నగా వస్తుంటే ట్యాంకు ఎత్తు చూడండి. చాలా మాన్యువళ్లలో కనీసం 0.3 బార్ ఒత్తిడి కావాలని ఉంటుంది, అంటే కొళాయి కన్నా ట్యాంకు నీటిమట్టం దాదాపు 3 మీటర్ల పైన ఉండాలి. పై అంతస్తులో కాపురం ఉండి, ట్యాంకు అదే మిద్దె మీద నేలకి ఆనించి పెట్టి ఉంటే అంత ఎత్తు రాదు. కింది వాటాలో బాగా తిరిగిన మిషన్ పై వాటాకి మారగానే మొరాయించడం నేను ఇద్దరి ఇళ్లలో చూశాను. ట్యాంకుని స్టాండు మీదికి ఎక్కించడమో చిన్న ప్రెషర్ పంపు పెట్టుకోవడమో తప్ప దానికి వేరే దారి లేదు.

ఇంకోటి ఉంది, చాలామందికి అర్థం కాక టెన్షన్ పడతారు. నీళ్లు వస్తూనే ఉంటాయి, ఎంతకీ నిండదు. మేం ఇల్లు మారినప్పుడు సామాను దించినవాళ్లు డ్రెయిన్ పైపు కొసని నేల మీది తూములోకి లోతుగా దోపేశారు. ఫ్రంట్ లోడ్ మిషన్లలో ఆ పైపు నడుం ఎత్తు దాకా పైకి వెళ్లి దిగాలి. కిందే ఉంటే, పెట్రోలు ట్యాంకులో గొట్టం వేసి పీల్చినట్టు, నిండే నీళ్లు నిండినట్టే జారిపోతాయి. గోడకి మేకు కొట్టి పైపుని పైకి కట్టాను, అంతే, బాగైపోయింది. టాప్ లోడ్ వాళ్లు మాత్రం ఇది చదివి పైపు ఎత్తేయకండి. పంపు లేకుండా వాలుకే నీళ్లు వదిలే మోడళ్లలో పైపు కిందే ఉండాలి, ఎత్తితే నీళ్లు బయటికే పోవు. మీది ఏ రకమో మాన్యువల్లో బొమ్మ చూసి చేయండి.

60 డిగ్రీల ప్రోగ్రాంలో ఆగి, చన్నీళ్ల ప్రోగ్రాంలో చక్కగా పూర్తయితే ముందు అనుమానించాల్సింది హీటర్‌ని. దానికీ గారే శత్రువు. నేను రెండు నెలలకోసారి ఖాళీ డ్రమ్ములో 100 గ్రాముల నిమ్మఉప్పు వేసి 60 మీద తిప్పుతాను. దాంతో పాటు బ్లీచింగ్ మాత్రం ఎప్పుడూ వేయకండి, విషవాయువు పుడుతుంది.

స్పిన్ మొదలుపెట్టబోయి అటూ ఇటూ తిప్పుతూ నిమిషాలు పెంచుకుంటూ పోతుంటే లోపల ఒక్క దుప్పటో ఒక్క జీన్స్ ప్యాంటో ముద్దగా ఉంటుంది. తీసి విదిలించి, రెండు తువ్వాళ్లు జతచేసి వేయండి. చేత్తో ఉతికే పౌడరు కూడా ఫ్రంట్ లోడ్‌లో వాడకండి. నురుగు ఎక్కువై పంపు నీళ్లకి బదులు గాలి పీలుస్తుంది, అప్పుడు కూడా మీకు అయినట్టే చివర్లో ఆగుతుంది. మీరు ఏ పౌడరు వాడుతున్నారో రాయలేదు, అది కూడా చెప్పండి.

ఫిల్టర్ తీసి, రెక్క తిప్పి చూసి, గుడ్డలు లేకుండా ఒక్కసారి డ్రెయిన్ ప్రోగ్రాం పెట్టండి అక్కా. అప్పటికీ అదే 12 దగ్గర ఆగితే పంపు చప్పుడు వచ్చిందో లేదో రాయండి, రాత్రి ఎంతసేపైనా చూసి జవాబిస్తాను. అంతదాకా ఆ మెకానిక్‌కి అడ్వాన్సు ఇవ్వకండి.