డయాలసిస్ మొదలయ్యాక ప్రోటీన్ తగ్గించాలా, పెంచాలా?

డయాలసిస్‌కి ముందు మీ నాన్నగారికి ప్రోటీన్ తగ్గించమన్న డాక్టరుగారే ఇప్పుడు గుడ్లు, చేపలు పెట్టమంటున్నారని, ఏది నమ్మాలో తెలియక భయంభయంగా కొంచెమే పెడుతున్నామని రాశారు. ఆ రెండు మాటలూ నిజమేనండి. మా అమ్మ కొన్నేళ్లుగా హీమోడయాలసిస్‌లో, అంటే మిషన్‌తో రక్తం శుద్ధి చేసే డయాలసిస్‌లో ఉంది. ఆమె తిండి, మందులు, రిపోర్టులు చూసుకునేది నేనే కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

కిడ్నీలు ఇంకా ఎంతో కొంత పనిచేస్తున్నప్పుడు ప్రోటీన్ తగ్గిస్తే వాటి మీద భారం తగ్గుతుంది. డయాలసిస్‌కి వచ్చాక పేరుకున్న యూరియాను మిషన్ తీసేస్తుంది, కానీ దాంతోపాటు ఒంటికి కావలసినవీ పోతాయి. ఒక్కో సెషన్‌లో సుమారు 6 నుంచి 12 గ్రాముల అమినో ఆమ్లాలు పోతాయి. పొట్టలో ద్రవం నింపి చేసే పెరిటోనియల్ డయాలసిస్‌లో అయితే ప్రోటీన్ రోజూ పోతూనే ఉంటుంది. అందుకే కిలో బరువుకి రోజుకి 1.0 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ తినమంటారు. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు కావాలి. ఒక గుడ్డులో ఉండేది దాదాపు 6 గ్రాములే, కాబట్టి రోజూ ఒక గుడ్డు పెడుతున్నాం కదా అని ఊరుకుంటే చాలదు. మొత్తం తిండి కూడా సరిపడా ఉండాలి. కిలోకి 25 నుంచి 35 కేలరీలు అందకపోతే, తిన్న ప్రోటీన్‌నే ఒళ్లు శక్తి కోసం వాడేసుకుంటుంది.

రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ పెరిగిపోతాయని భయపడి ఇంట్లోవాళ్లు ఒక్కొక్కటే మానిపిస్తూ పోతే చివరికి పళ్లెంలో ఏమీ మిగలదు. డయాలసిస్ పేషెంట్లకి తిండి ఎక్కువైతే ఎంత ప్రమాదమో, తిండి లేక కండ కరిగిపోవడం కూడా అంతే ప్రమాదం. పైగా ఇది వెంటనే బయటపడదు.

అమ్మకి ఒకసారి ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆకలి చచ్చిపోయింది. సెషన్ అయ్యాక బరువు మాత్రం ఎప్పటిలాగే చూపించేది. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) లేని చేతి జబ్బ పట్టుకుంటే నా వేళ్లు కలిసిపోయేవి, కణతల దగ్గర గుంటలు పడ్డాయి. రాత్రి వెల్లకిలా పడుకుంటే ఆయాసం, దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చునేది. బీపీ కూడా దిగేది కాదు. కండ తగ్గినంత మేర నీరు చేరిందని, అందుకే బరువు మారలేదని నెఫ్రాలజిస్ట్ చెప్పారు. డ్రై వెయిట్, అంటే ఎక్కువైన నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువు, కొద్దికొద్దిగా తగ్గించాక ఆయాసం తగ్గింది. కాబట్టి మీ నాన్నగారు సరిగా తినకపోయినా బరువు అలాగే ఉంటే మంచిదే అనుకోకండి, డ్రై వెయిట్ మళ్లీ చూడమని అడగండి. అదే రోజుల్లో కిడ్నీ రక్తపరీక్షలో చూసే క్రియాటినిన్ అమ్మకి తగ్గిందని చుట్టాలందరూ సంతోషపడ్డారు. క్రియాటినిన్ కండ నుంచే వస్తుంది. డయాలసిస్‌లో ఉన్న మనిషి తిండి తగ్గి, క్రియాటినిన్ కూడా తగ్గుతూ వస్తుంటే కండ పోతోందేమో చూడాలి. రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గినా తిండి ఒక్కటే కారణం కాకపోవచ్చు, లోపల ఇన్‌ఫెక్షన్ ఉన్నా తగ్గుతుంది.

ఇక ఫాస్ఫరస్. ప్రోటీన్ ఉన్న వాటిలో అదీ ఉంటుంది, నిజమే. దానికోసం ప్రోటీన్ మాన్పించకండి. ముందు ప్యాకెట్ తిండి, కోలా డ్రింకులు మాన్పించండి. వాటిలో కలిపే ఫాస్ఫేట్ దాదాపు మొత్తం రక్తంలోకి చేరుతుంది, పప్పుల్లో ఉన్నది అంతగా చేరదు. గుడ్డు తెల్లసొనలో ఫాస్ఫరస్ చాలా తక్కువ. తిండిలోని ఫాస్ఫరస్ ఒంటికి పట్టకుండా ఆపే బిళ్ల భోజనంతోపాటే వేసుకోవాలి. తిన్న గంటకి వేసుకుంటే పెద్దగా ఉపయోగం ఉండదు. అమ్మకి వడ్డించేటప్పుడే బిళ్ల పళ్లెం అంచున పెడతాను. ఒళ్లంతా దురద, ఎముకల నొప్పులు ఉంటే ఫాస్ఫరస్, పీటీహెచ్ (ఎముకల మీద పనిచేసే పారాథైరాయిడ్ హార్మోన్) పరీక్షలు ఒకసారి చేయించండి.

నీళ్ల విషయంలో గ్లాసులు లెక్కపెట్టడం కంటే ముందు ఉప్పు తగ్గించడం మేలు. రోజుకి అన్నీ కలిపి 5 గ్రాములు దాటకుండా చూస్తే దాహమే తగ్గుతుంది. నీరు ఎక్కువ చేరితే సెషన్‌లో వేగంగా తీయాల్సి వస్తుంది, అప్పుడే బీపీ పడిపోయి పిక్కలు పట్టేస్తాయి. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పు మాత్రం వద్దు, చాలావాటిలో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. దుంపలు, కూరలు ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం కొంత పోతుంది. నక్షత్రపండు ఒక్క ముక్క కూడా పెట్టకండి. అందులోని విషపదార్థం కిడ్నీలు పనిచేయనివాళ్ల మెదడు మీద పనిచేసి ఆగని ఎక్కిళ్లు, మతి తప్పడం, ఫిట్స్ తెస్తుంది.

షుగర్ కూడా ఉంటే ఇన్సులిన్ డోసు మళ్లీ చూపించండి. కిడ్నీలు పోయాక ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. షుగర్ పడిపోతే, పొటాషియం ఉండే పండ్ల రసం బదులు గ్లూకోజ్ ఇవ్వండి.

ఎవరికి ఎంత అనేది రిపోర్టులను బట్టి మారుతుంది కాబట్టి కిడ్నీ పేషెంట్లను చూసే డైటీషియన్‌ని తప్పకుండా కలవండి. రెండు సెషన్ల మధ్య ఎక్కువ గ్యాప్ వచ్చినప్పుడు మాత్రం పొటాషియం, నీరు పేరుకుంటాయి కాబట్టి చాలా జాగ్రత్త. కాళ్లు సత్తువ లేకుండా అయిపోయినా, గుండె లయ తప్పినట్టున్నా, ఊపిరి ఆడకపోయినా తర్వాతి సెషన్ దాకా ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, డయాలసిస్ పేషెంట్ అని లోపలికి వెళ్తూనే చెప్పండి.