పెట్టె వచ్చిన రోజే తెరువు, అమ్మలూ

యార్క్,
జనవరి, ఆదివారం రాత్రి.

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న మీ అమ్మ ఫోనులో మాట్లాడుతూ, బొమ్మ రైళ్లు తయారుచేసే హార్న్‌బీ వారి కొత్త జాబితా వెలువడిన రోజు నువ్వు దాన్ని చదువుతూ కూర్చుని ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లావనీ, ఇప్పటికే నాలుగు ఇంజన్లకు ముందస్తు ఆర్డర్లు ఇచ్చి ఉన్నావనీ, అయిదో దానికి డబ్బు కూడబెడుతున్నావనీ చెప్పింది. "నీ పిచ్చే దానికీ పట్టింది అన్నయ్యా" అంది. ఆ మాటకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. బిట్రగుంట షెడ్డులో మీ తాతయ్య ఇంజను నడిపిన ఇంట్లో మూడో తరానికి కూడా రైలు మీద మమకారం మిగిలిందంటే, అదీ ఒక ఆడపిల్ల తన సంపాదనతో, తన ఫ్లాటులో, తన చేతులతో పట్టాలు వేసుకుంటోందంటే నేను గర్వపడకుండా ఎలా ఉంటాను? అయితే ఫోను పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఒక్క ఇంజను కూడా ఇంకా చేతికి రాకుండానే నాలుగు, అయిదు అన్న లెక్క వినేసరికి మా ఇంటి అటక కళ్ల ముందు మెదిలింది. అందుకే ఈ ఉత్తరం. కొంత తిడతాను, ఓపిక పట్టి చివరి దాకా చదువు.

ముందు చిన్న విషయాలు చెప్పేస్తాను. పట్టాలను వారానికోసారి మెత్తని గుడ్డతో తుడువు. కొత్త ఇంజనును ముందుకు అరగంట, వెనక్కి అరగంట ఒక మోస్తరు వేగంతో నడిపిన తర్వాతే దాని చేత బోగీలు లాగించు. నూనె సూది మొన మీద నిలిచేంత చాలు. టంకం వేసేటప్పుడు కిటికీ తెరిచి ఉంచు. ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదని నలభై ఏళ్లు మత్తుమందు వైద్యుడిగా పనిచేసినవాడిని చెబుతున్నాను, ఈ ఒక్క విషయంలో నాతో వాదించకు.

ఇక నువ్వు ఎదురుచూస్తున్న ఆ ఇంజన్ల సంగతి. ప్రకటన వేరు, ఇంజను వేరు. జాబితాలో ఒక పేరు, పక్కన ఒక బొమ్మ కనిపించినంత మాత్రాన అది ఎక్కడో గిడ్డంగిలో నీ కోసం కూర్చుని ఉందని అనుకోకు. మ్యూజియంలోనో వారసత్వ రైల్వేలోనో మిగిలిన అసలు ఇంజనును లేజరుతో కొలవాలి, కంప్యూటరులో గీతలు గీయాలి, ఉక్కు అచ్చులు చెక్కాలి, తొలి నమూనా పోసి చూసుకోవాలి, తప్పులు దిద్ది రంగులు వేసిన నమూనా తెప్పించుకోవాలి. ఆ తర్వాత చైనాలోని కర్మాగారంలో వంతు దొరకాలి, చివరికి సరుకు ఓడ ఎక్కాలి. వీటిలో ఏ ఒక్కటి జారినా నీ ఇంజను ఆరు నెలలో ఏడాదో వెనక్కి పోతుంది. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఒక ఓడ అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు దారి మూసుకుపోయినప్పుడు, ఆ రద్దీలో మన బొమ్మ రైళ్ల పెట్టెలు కూడా ఎన్ని ఆగి ఉంటాయో అని నేను బెంగపడ్డాను. ఈ నిరీక్షణ మీ తరానికి కొత్తగా వచ్చిందీ కాదు. 1938లో హార్న్‌బీ డబ్లో రైళ్లు మొదలయ్యాయి. "డచెస్ ఆఫ్ ఆథల్" అనే పెద్ద ఇంజనును యుద్ధానికి ముందే ప్రకటించినా, దాని కోసం కలలుగన్న పిల్లలకు అది యుద్ధం ముగిశాకనే దొరికింది. అప్పటికి వాళ్లలో చాలామంది పిల్లలు కారు.

కనుక ఎదురుచూడటం తప్పని నేను అనను. ఎదురుచూపులో సుఖం ఉంది. అసలు ఇంజను ఫొటోలు వెతకడం, అది ఏ షెడ్డులో ఉండేదో, ఏ సంవత్సరంలో ఏ రంగులో తిరిగేదో చదువుకోవడం, ఇవన్నీ నేనూ అనుభవించినవే. అయితే ఆ సుఖానికి ముందుగా పూర్తి ధర చెల్లించకు. ఈ రోజుల్లో ఒక మంచి ఎక్స్‌ప్రెస్ ఇంజను 200 పౌండ్లు దాటుతోంది, శబ్దంతో కూడినదైతే ఇంకా ఎక్కువ. సరుకు బయలుదేరేటప్పుడే డబ్బు తీసుకునే దుకాణాన్ని ఎంచుకో. అడ్వాన్సు తప్పనిసరి అయితే క్రెడిట్ కార్డు మీదనే చెల్లించు. వస్తువు ధర 100 పౌండ్లకు మించి 30,000 పౌండ్ల లోపు ఉంటే, 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షను ప్రకారం దుకాణంతో పాటు కార్డు సంస్థ కూడా బాధ్యత వహించాలి. నువ్వు కట్టింది అడ్వాన్సు మాత్రమే అయినా ఆ రక్షణ నీకు ఉంటుంది. ఇంత జాగ్రత్త ఎందుకంటావా? 1946లో లివర్‌పూల్‌లో మొదలై మా వంటి బొమ్మ రైళ్ల ప్రియులందరికీ పుట్టిల్లులా ఉండిన హాటన్స్ దుకాణం కూడా 2024 జనవరిలో మూసివేత ప్రకటించింది. ఎంత పెద్ద దుకాణమైనా శాశ్వతం కాదని ఆ రోజు నాకు అర్థమైంది.

ఇంకొక లెక్క ఉంది, ఇది నువ్వు చూసుకోలేదని నాకు గట్టి అనుమానం. నీ బల్ల వెడల్పు రెండడుగుల పది అంగుళాలు అని మీ అమ్మ చెప్పింది, అంటే సుమారు 864 మిల్లీమీటర్లు. నువ్వు కోరుకున్న పెద్ద ఇంజన్లకు వంపు పట్టాల కొలతల్లో కనీసం రెండోది, రెండో రేడియస్ అనేది, అంటే 438 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కావాలి. ఒక చుట్టు తిరిగి రావడానికి పట్టా మధ్య నుంచి మధ్యకే 876 అవుతుంది. దాని మీద స్లీపర్లకూ, వంపులో బయటికి పొడుచుకొచ్చే బోగీల చివరలకూ చోటు వదలాలి. మూడడుగులు దాటితే గాని కుదరదు. 371 మిల్లీమీటర్ల మొదటి రేడియస్ నీ బల్ల మీద పడుతుంది కానీ, ఆ వంపులో పెద్ద ఇంజను పట్టా తప్పుతుంది. నువ్వు ఆర్డరిచ్చిన నాలుగింటిలో మూడు అలాంటివే. చదువుకున్న పిల్లవు, అయిదో ఇంజనుకు డబ్బు కూడబెట్టే ముందు టేపు తీసుకుని బల్లను ఒకసారి కొలుచుకోవద్దా?

ఇప్పుడు అటక సంగతి. ఇది నేను ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

2001లో ఒక సంస్థ ఆకుపచ్చ రంగు ఎక్స్‌ప్రెస్ ఇంజను ఒకటి తెస్తామని ప్రకటించింది. ఆ రోజే డబ్బు కట్టాను. రెండుసార్లు వాయిదా పడింది. రాత్రి డ్యూటీల మధ్య కాఫీ తాగే పది నిమిషాల్లో కూడా ఆ బొమ్మ ఉన్న కాగితం తీసి చూసుకునేవాడిని. 2003 నవంబరులో, వాన కురుస్తున్న సాయంత్రం అది వచ్చింది. పెట్టెను చేతుల్లోకి తీసుకుని బరువు చూశాను, మీద ఉన్న అక్షరాలన్నీ చదివాను, తెరవలేదు. నా లేఅవుట్, అంటే పట్టాలతో స్టేషన్లతో నేను కట్టుకుంటున్న బుల్లి రైలు మార్గం, అప్పటికి సగం కూడా పూర్తి కాలేదు, ఇంత మంచి ఇంజను సగం కట్టిన స్టేషనులో నిలబడటం ఏమిటి అనుకున్నాను. పదవీ విరమణ చేశాక తీరికగా, పండుగలా తెరుద్దామని అటక మీద పెట్టాను. మరుసటి ఏడాది వేసవికి అలాంటి పెట్టెలు అక్కడ పదకొండు అయ్యాయి. ప్రతి జనవరిలో కొత్త జాబితా వచ్చేది, కొత్త ఆశ పుట్టేది. వచ్చినదాన్ని నడపడం కంటే రాబోయేదాని కోసం ఎదురుచూడటమే నాకు అలవాటైపోయింది.

2004 వేసవి సెలవులకు మీ అమ్మ నిన్ను తీసుకుని ఇక్కడికి వచ్చింది. నీకు ఆరేళ్లు. నేను వద్దంటున్నా నిచ్చెన ఎక్కి అటక మీదికి వచ్చి, ఆ ఆకుపచ్చ ఇంజను పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చుని, "మామయ్యా, ఇది కూ అనదా? ఒక్కసారి నడుపుదామా?" అని అడిగావు. "ఇది ఆడుకునేది కాదమ్మా, తర్వాత చూద్దాం" అన్నాను. నువ్వు మారాం చేయలేదు. పెట్టెను ఎక్కడిది అక్కడ పెట్టి, నిచ్చెన దిగి వెళ్లిపోయావు. ఆ నెలరోజుల్లో మళ్లీ అడగలేదు.

2014లో పదవీ విరమణ చేసిన వారానికి అటక ఎక్కి మొదట ఆ పెట్టెనే తెరిచాను. ఇంజను నడుము పైకి వంగి ఉంది, ముందరి చక్రాలు గాలిలో ఉన్నాయి. లోపలి లోహపు దిమ్మె ఉబ్బి, నిలువునా పగిలి, చేత్తో తాకితే బూడిద రంగు పొడిగా రాలింది. దీన్ని ఇక్కడివాళ్లు మజాక్ రాట్ అంటారు. అచ్చు పోసిన జింకు మిశ్రమంలో సీసం వంటి కల్మషం రవ్వంత కలిసినా, అది లోహపు రేణువుల మధ్య సందుల్లో చేరి లోపలి నుంచే తినేస్తుంది. దిమ్మె మెల్లగా ఉబ్బుతుంది, పగులుతుంది, పిండి అవుతుంది. వేడి, తేమ దాన్ని ఇంకా తొందరపెడతాయి; వేసవిలో కాగి చలికాలంలో చెమ్మగిల్లే అటకలో నేను దాన్ని పదేళ్లకు పైగా ఉంచాను. దానికి చికిత్స లేదు. ఆ పదకొండింటిలో మూడు అలా పోయాయి. ఒకదానిలో పెట్టెలోని స్పాంజి రంగుకు అతుక్కుని ఊడి వచ్చింది, మిగిలినవాటిలో నూనె జిగురుగా గడ్డకట్టింది. ఏడాది గ్యారంటీ ఎప్పుడో ముగిసిపోయింది, ఎవరిని అడగను?

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. 2003లోనే పెట్టె తెరిచి ఉన్నా ఆ లోహం బాగుపడేది కాదు. జబ్బు పుట్టుకతోనే దానిలో ఉంది. కానీ అది పాడయ్యేలోగా కొన్నేళ్లయినా నడిచేది. నువ్వు అడిగిన ఆ రోజున అది ఆరోగ్యంగానే ఉండి ఉంటుంది. నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని, సగం కట్టిన ఆ స్టేషను నుంచే దాన్ని ఒక్క చుట్టు తిప్పి ఉంటే ఏం పోయేది? ఇంజను పోయినందుకు నాకు అంత బాధ లేదు తల్లీ. ఆరేళ్ల పిల్లకు నేను "తర్వాత" అన్నాను చూడు, అదే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

మీ తాతయ్య 1984లో ఇక్కడికి వచ్చినప్పుడు నేషనల్ రైల్వే మ్యూజియంకు తీసుకెళ్లాను. మెరుగులు పెట్టి నిలబెట్టిన ఒక ఇంజను చక్రం మీద అరచెయ్యి ఆనించి, "దీని పొయ్యి చల్లారి ఎన్నేళ్లయిందిరా?" అని అడిగారు. అంతకు మించి ఆ ఇంజను గురించి ఏమీ అడగలేదు. ఆ సాయంత్రం, నేను 1979లో పాత సామాను దుకాణంలో కొన్న, నీళ్ల ట్యాంకు తన ఒంటి మీదే ఉండే రకం చిన్న ట్యాంకు ఇంజను బొమ్మను బల్ల మీద పెట్టి ఇస్తే మాత్రం, చంటిపిల్లవాడి ఊపిరిని గమనించినట్టు దాని శబ్దం వింటూ, రెండు గంటల సేపు నత్త నడకతో నడిపారు. బోగీలు కుదుపు తెలియకుండా కదలాలని, ఆగినప్పుడు లోపల కూర్చున్నవాడి గ్లాసులో నీళ్లు తొణకకూడదని చెబుతూనే ఉన్నారు. లోపల ఎవరూ లేరని నేను అనలేకపోయాను.

అందుకని నా మాట విను. ఆర్డర్లలో రెండు ఉంచి మిగిలినవి రద్దు చెయ్యి. చిన్న ట్యాంకు ఇంజను ఒకటి ఉంచు, అది నీ బల్ల మీద ఈ రోజే తిరగగలదు. మ్యూజియంలో మల్లార్డ్ అనే ఇంజను ముందు నిలబడి నువ్వు ఎంతసేపటికీ కదలలేదు, నాకు గుర్తుంది. ఆ నీలం ఇంజను బొమ్మను కూడా ఉంచు, కానీ అది వచ్చేలోగా బల్లను వెడల్పు చేసుకో. అయిదోదాని డబ్బుతో ప్లైవుడ్ కొను. పెట్టె వచ్చిన సాయంత్రమే తెరువు. తెరిచి, చక్రాలన్నీ పట్టా మీద కూర్చున్నాయో లేదో, అడుగు దిమ్మె వంగకుండా తిన్నగా ఉందో లేదో చూసి, అదే రాత్రి నడుపు. లోపం కనిపిస్తే తిరిగి ఇచ్చి పూర్తి డబ్బు అడిగే హక్కు నీకు 30 రోజులు ఉంటుంది, 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ఆ మాట స్పష్టంగా చెప్పింది; అటక మీద పెట్టినవాడికి ఆ 30 రోజులు తెలియకుండానే గడిచిపోతాయి. లేఅవుట్ పూర్తి కాలేదని ఆగకు. నాది ఇప్పటికీ పూర్తి కాలేదు.

వచ్చే ఆదివారం పొద్దున బండికి లీడ్స్ వస్తున్నాను. స్టేషనుకు రానక్కరలేదు, దారి నాకు తెలుసు. మీ తాతయ్య నడిపిన ఆ ట్యాంకు ఇంజనును సంచిలో పెట్టుకుని తెస్తాను. మోటారులోని కార్బన్ బ్రష్షులు మూడుసార్లు మార్చాను, ఒక పక్క రంగు పోయింది, కానీ ఇప్పటికీ కుదుపు లేకుండా కదులుతుంది. నీ కొత్త ఇంజన్లు వచ్చేదాకా అది నీ దగ్గరే ఉంటుంది, ఆ తర్వాత కూడా ఉండనీ. పట్టాలు తుడిచి సిద్ధంగా ఉంచు, నూనె నేను తెస్తాను.

ఇట్లు,
మామయ్య