ఫుకెట్‌లో ఒక రోజు: ఆరు చోట్లా, ఒక అఖాతమా?

ప్రశ్న: వచ్చే ఫిబ్రవరిలో థాయిలాండ్‌లోని ఫుకెట్‌లో వారం రోజులు ఉండబోతున్నాం. నేను, మా వారు, పదేళ్ల బాబు, 68 ఏళ్ల మా అత్తగారు. ఆమెకు మోకాళ్ల నొప్పులు, అప్పుడప్పుడు నడుము పట్టేస్తుంది. మధ్యలో ఒక రోజు గైడుతో వెళ్లే బృందంలో చేరాలనుకుంటున్నాం. స్పీడ్‌బోటులో ఆరు చోట్లు తిప్పే ట్రిప్పు ఒకటి ఉంది. పెద్ద పడవలో ఫాంగ్ న్గా అఖాతానికి వెళ్లే దాంట్లో మూడు చోట్లే. ధరలో పెద్ద తేడా లేదు. ఆరింటిని వదులుకోవడం నష్టమేమో అనిపిస్తోంది. ఏమంటారు? (పేరు రాయవద్దన్న పాఠకురాలు)

జవాబు: పెద్ద పడవే ఎక్కండమ్మా. మీ అత్తగారి నడుము కోసమే కాదు, మీ నలుగురి కోసమూ చెబుతున్నాను.

నేను రెండు రకాలుగానూ వెళ్లాను. స్పీడ్‌బోటులో ఫీఫీ దీవులకు బయలుదేరిన రోజు, గాలి బాగా తగులుతుందని ముందు వరుసలో కూర్చున్నాను. దాదాపు గంటసేపు నడిసముద్రంలో ప్రయాణం. కెరటం దాటి పడవ ముక్కు నీటిమీద పడ్డ ప్రతిసారీ ఆ దెబ్బ వెన్నుపూసకు తగిలింది. గర్భిణులు, నడుము నొప్పి ఉన్నవారు ఎక్కవద్దని ఆ పడవల వాళ్లు ముందే చెబుతారు. దాన్ని మాటవరసకు చెప్పిందిగా తీసుకోకండి. ఒక్కో చోట అరగంట, ముప్పావుగంట. ఒళ్లు తుడుచుకునేలోపే గైడు పిలుపు. ఆ రోజు చూసిన తీరాల్లో ఏది ఏ దీవిదో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

అయితే ఒక్క విషయం ముందే తెలుసుకోండి. ఫాంగ్ న్గాలో నీళ్లు లోతు తక్కువ, చుట్టూ మడ అడవులు, కాబట్టి ఆకుపచ్చగా, కాస్త బురదగా ఉంటాయి. నీటి అడుగున పగడాలు, రంగుల చేపలు చూడాలని మీ బాబు ఆశపడుతుంటే అది ఇక్కడ తీరదు. ఇక్కడ చూడవలసినవి నీటిలోంచి నిట్టనిలువుగా లేచిన సున్నపురాతి కొండలు. ఫుకెట్ దీవి అడ్డుగోడలా నిలబడటం వల్ల అఖాతంలో కెరటాలు తక్కువ. మే నుంచి అక్టోబరు దాకా పడమటి తీరం అల్లకల్లోలంగా ఉండే రోజుల్లోనూ ఇక్కడ చాలావరకు పడవలు తిరుగుతాయి. మీరు వెళ్లే ఫిబ్రవరిలో ఇక దిగులే లేదు.

నేను ఆ ట్రిప్పు ఇంతగా మెచ్చుకోవడానికి కారణం అక్కడి ‘హాంగ్’లు. థాయి భాషలో హాంగ్ అంటే గది. కొండ లోపల వాననీరు వేల ఏళ్లుగా సున్నపురాయిని కరిగించి గుహ చేస్తుంది, ఒకనాటికి దాని పైకప్పు కూలిపోతుంది. మిగిలేది నాలుగు వైపులా కొండగోడలు, పైన ఆకాశం, అడుగున సముద్రపు నీరు ఉన్న గది. లోపలికి దారి చిన్న సొరంగం. పెద్ద పడవను దూరంగా ఆపి, ఇద్దరిద్దరిని గాలి నింపిన రబ్బరు పడవలోకి దింపుతారు. తెడ్డు మనం వేయనక్కరలేదు, వెనక కూర్చున్న అబ్బాయి వేస్తాడు. సొరంగంలో అతను టార్చిలైటు వెలిగించి, పడుకోమని చేత్తో సైగ చేశాడు. వెల్లకిలా పడుకున్నాను. గుహ కప్పు నా ముక్కుకు జానెడు ఎత్తులో జరిగిపోయింది. రాతికి అంటుకున్న ఆల్చిప్పల అంచులు కూడా కనిపించాయి. గబ్బిలాల వాసన, ఆ తరువాత ఒక్కసారిగా వెలుతురు. లోపల ఎవరూ మాట్లాడవద్దని గైడు ముందే చెప్పాడు. ఇరవై మందిమి ఉన్నాం, తెడ్డు నుంచి కారే నీటిబొట్ల చప్పుడు వినిపించింది. మడ చెట్ల వేళ్ల దగ్గర బురదమీద చిన్న చేపలు గెంతుతూ పాకుతున్నాయి. అంతమంది మధ్య అంత నిశ్శబ్దం నేను ఇంకెక్కడా ఎరగను. బృందంతో వెళ్తే ప్రశాంతత ఉండదన్న నా అభిప్రాయం అక్కడే పోయింది.

ఆ సొరంగాల్లోకి వెళ్లే వేళను నిర్ణయించేది సముద్రమే. పోటు ఎక్కువైతే కప్పుకూ నీటికీ మధ్య పడవ పట్టదు, ఆటు ఎక్కువైతే అడుగు తగులుతుంది. పోటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అందుకని డబ్బు కట్టేముందు ‘మేం వచ్చే రోజున హాంగ్ లోపలికి ఏ వేళకు వెళ్తారు?’ అని అడగండి. వెంటనే జవాబు చెప్పగలిగినవారికి పని తెలుసు. పడవలో మొత్తం ఎంతమంది, రేవుకు తీసుకెళ్లే వ్యాను దారిలో ఎన్ని హోటళ్ల దగ్గర ఆగుతుంది, జాతీయ పార్కు రుసుము టిక్కెట్టులో కలిసి ఉందా అన్నవి కూడా అడగండి. థాయిలాండ్‌లో గైడుకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, ఆ కార్డు చూపించమనడం తప్పు కాదు.

ఇక మీ అత్తగారి సంగతి. రబ్బరు పడవలో కాళ్లు చాపి దాదాపు నేలమీద కూర్చున్నట్టే కూర్చోవాలి, లేచేటప్పుడు మోకాళ్లమీదే భారం. దింపేవాళ్లు రెండు చేతులూ పట్టుకుంటారు కానీ, ఆమె ఇంట్లో నేలమీద కూర్చుని లేవలేకపోతే బలవంతపెట్టవద్దు. మా పడవలో ఒక పెద్దావిడ దిగకుండా పైఅంతస్తులో నీడన కూర్చున్నారు. మేం తిరిగొచ్చేసరికి ఆమె కొండకొమ్మున గూడు కట్టిన గద్దను మాకు చూపించారు. ఆమె ముఖంలో విచారమేమీ కనిపించలేదు.

జేమ్స్ బాండ్ దీవి ఆ మూడింటిలో ఉంటే మంచిదే, లేకపోతే బాధపడకండి. 1974లో సినిమా తీసిన చోటు కావడంతో ఎప్పుడూ జనమే. ఎదురుగా నీళ్లలో మేకులా నిలిచిన 20 మీటర్ల రాయి దగ్గరికి 1998 నుంచి పడవలను వెళ్లనివ్వడం లేదు, ఒడ్డు నుంచే చూడాలి. పన్యీ అనే, నీళ్లలో స్తంభాలమీద కట్టుకున్న ముస్లిం మత్స్యకారుల ఊరు ఉంటే మాత్రం వదలకండి. ఊళ్లో మసీదు ఉంది. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. మీ బాబుకు నీళ్లమీద తేలే ఫుట్‌బాల్ మైదానం చూపించండి.

ప్రశ్న: ఫీఫీలోని మాయా బే తీరంలో ఈత కొట్టవచ్చా? ఆగస్టులో వెళ్తున్నాం. (ఒక పాఠకుడు)

జవాబు: ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆ తీరాన్ని మూసేస్తున్నారు, తేదీలు మార్చుకోండి. జనం తాకిడికి పగడాలు దెబ్బతినడంతో 2018 జూన్‌లో పూర్తిగా మూసి, 2022 జనవరిలో మళ్లీ తెరిచారు. పడవలు ఇప్పుడు దీవి వెనకవైపు ఆగుతాయి, అక్కడి నుంచి నడిచి రావాలి. ఈతకు అనుమతి లేదు. పగడాలకు హాని చేసే కొన్ని రసాయనాలున్న సన్‌స్క్రీన్‌లను సముద్ర జాతీయ పార్కుల్లో 2021 నుంచి నిషేధించారు, సీసామీద చూసి కొనండి. నీటి అంచున కదలకుండా నిలబడితే, రెక్కకొసన నల్లమచ్చ ఉన్న సొరచేప పిల్లలు ఒడ్డు దాకా వచ్చి తిరగడం చూడవచ్చు.