ఐరన్ మాత్రలు వాడుతున్నా హిమోగ్లోబిన్ పెరగడం లేదు, బ్లడ్ క్యాన్సర్ అవుతుందా?

మీకు 34 ఏళ్లని, హిమోగ్లోబిన్ 8.6 ఉందని, మూడు నెలలుగా ఐరన్ వాడుతున్నా పెరగలేదని, ఇది బ్లడ్ క్యాన్సర్‌గా మారుతుందేమోనని భయంగా ఉందని రాశారు. నేను రక్త వ్యాధులు, క్యాన్సర్ చూసే డాక్టర్‌ని. రక్తహీనతతో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కూర్చోగానే అడిగేది ఇదే.

ముందు ఆ టెన్షన్ తీసేయండి. ఐరన్ తక్కువై వచ్చిన రక్తహీనత ఎంత ముదిరినా బ్లడ్ క్యాన్సర్‌గా మారదు. బ్లడ్ క్యాన్సర్‌లో రక్తం తగ్గే మాట నిజమే, కానీ అప్పుడు సాధారణంగా తెల్లకణాల్లోనో ప్లేట్‌లెట్లలోనో కూడా తేడా కనిపిస్తుంది. మీ రిపోర్టులో ఆ రెండూ బాగున్నాయి. ఎర్రకణాల సగటు సైజు చెప్పే ఎంసీవీ మాత్రం 68 ఉంది. అది 80, 100 మధ్య ఉండాలి. అంటే మీ ఎర్రకణాలు చిన్నవిగా తయారవుతున్నాయి. ఇలాంటప్పుడు మేం మొదట అనుమానించేది ఐరన్ లోపాన్నే.

కానీ ఫెరిటిన్ పరీక్ష చేయించలేదు. అది చూడకుండానే మూడు నెలలు మాత్రలు వాడించడం నాకు బాధనిపించింది. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది ఫెరిటినే. 30 కంటే తక్కువుంటే లోపం దాదాపు ఖాయం. ఇన్ఫెక్షన్ లాంటివి ఉన్నప్పుడు అది పెరిగి కనిపిస్తుంది కాబట్టి, రక్తంలో ఐరన్‌ని మోసే ప్రొటీన్ ఎంతవరకు నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా కలిపి చూస్తే మంచిది. ఐరన్ బాగానే ఉండి కణాలు చిన్నవిగా ఉంటే తలసీమియా ట్రెయిట్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే హిమోగ్లోబిన్ లోపం, స్వల్ప రూపంలో) ఉందేమో చూడడానికి హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష చేయిస్తాం. ట్రెయిట్ ఉందని తెలియక ఏళ్ల తరబడి ఐరన్ మింగినవాళ్లను నేను చూశాను. అయితే ట్రెయిట్ ఒక్కదానివల్లే హిమోగ్లోబిన్ ఇంత పడిపోవడం అరుదు.

మాత్ర ఎలా వేసుకుంటున్నారన్నది కూడా ముఖ్యం. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలు, గ్యాస్ మాత్రలు ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. ఎక్కువ వేసుకుంటే త్వరగా రక్తం పడుతుందనుకుంటారు గానీ, ఒక డోసు పడగానే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి తర్వాతి డోసుకు అడ్డుపడుతుంది. అందుకే నేను చాలామందికి రోజు విడిచి రోజు ఒకే మాత్ర రాస్తాను. కడుపులో వికారం కూడా తగ్గుతుంది. మందు సరిగ్గా పనిచేస్తే నెలలో కనీసం 1 గ్రామైనా పెరగాలి. మామూలు స్థాయికి వచ్చాక కూడా నిల్వలు నిండడానికి ఇంకో మూడు నెలలు వాడాలి. మాత్రలు పట్టకపోతే ఐరన్‌ని నరం ద్వారా ఎక్కిస్తాం.

ఇక అసలు విషయం, ఆ ఐరన్ ఎటు పోతోంది? నెలసరి ఏడు రోజులు దాటుతోందా? గంట, రెండు గంటలకే ప్యాడ్ మార్చాల్సి వస్తోందా? గడ్డలు పడుతున్నాయా? ఎంతోమంది ‘అది నాకు మామూలే డాక్టర్’ అంటారు. పదేళ్లుగా అలవాటైపోయిందంటే అది మామూలని కాదమ్మా. గైనకాలజిస్టుకు చూపించుకుని గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు (క్యాన్సర్ కాని గడ్డలు) ఉన్నాయేమో స్కాన్ చేయించుకోండి. అక్కడ ఏమీ లేకపోతే కడుపు, పేగులు చూడాలి. కడుపులో చేరే హెచ్ పైలోరీ బ్యాక్టీరియా ఉన్నా, గోధుమల్లాంటివి పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉన్నా ఐరన్ సరిగ్గా పట్టదు.

మగవాళ్లలో, నెలసరి ఆగిన ఆడవాళ్లలో ఐరన్ తగ్గితే మాత్రం నేను పేగుల పరీక్ష అయ్యేదాకా వదలను. అరవై దాటిన ఒకాయనకు మాత్రలతో హిమోగ్లోబిన్ పెరిగింది, ఆపగానే మళ్లీ పడిపోయింది. ఇంట్లోవాళ్లు మళ్లీ మాత్రలే రాసిమ్మన్నారు. నేను పట్టుబట్టి కొలనోస్కోపీ చేయిస్తే పెద్దపేగు కుడివైపు గడ్డ బయటపడింది. కంటికి కనిపించనంత కొద్దికొద్దిగా రక్తం పోతోందన్నమాట. క్యాన్సర్ భయం ఉండాల్సింది అలాంటి చోట. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా రక్తం తక్కువుంటే ఈ మాట చెప్పండి.

రక్తం ఎక్కించుకోవాలా అని కూడా అడిగారు. ఒంట్లో స్థిమితంగా ఉన్నవాళ్లకు సాధారణంగా 7 కంటే తగ్గితేనే ఆ ఆలోచన చేస్తాం. మీకు ఇప్పుడు కావాల్సింది ఫెరిటిన్, స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూడడం) పరీక్షలు. ఈలోగా కూర్చున్నా ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి అనిపించినా, కళ్లు తిరిగి పడిపోయినా రిపోర్టుల కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.