తోటింటికి డబుల్ బ్యారెలా, రివాల్వరా?

తమ్ముడూ, ఆదోని పక్క తోటింట్లో ఉంటామని, మోటారు వైర్లు రెండుసార్లు ఎత్తుకపోయినారని, ఏ తుపాకీ కొనాలని అడిగినావు కదా.

నన్నడిగితే 12 బోర్ డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల పొడుగు తుపాకీ. భుజానికి ఆనించి కాలుస్తాం, కొత్తోనికి కూడా గురి కుదురుతుంది. ఇరుకు గదిలో తిప్పుకోను మాత్రం కష్టం. .32 రివాల్వర్ చేతిలో ఇముడుతుంది గానీ సాధన లేకుంటే దగ్గరోడికి కూడా తగలదు, ధర కూడా ఎక్కువే. మన రాతి గోడలకు తగిలిన గుండు ఎటు ఎగిరొస్తుందో చెప్పలేం, ఇంట్లో పిల్లోళ్లుంటే అది ముందు ఆలోచించు. 9 ఎంఎం పిస్తోలు ఊసెత్తొద్దు, మామూలు జనానికి ఇయ్యరు.

లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి. కలెక్టరాఫీసులో అర్జీ, ఆపైన పోలీసు విచారణ. పాత ఫిర్యాదుల నకళ్లు జతచెయ్యి. వచ్చినాక 5 ఏళ్లు చెల్లుతుంది. ఎన్నికలొస్తే తుపాకీని పోలీసు స్టేషన్లో అప్పజెప్పమంటారు, మన సీమ సంగతి తెలిసిందేగా! నాటు తుపాకీ చవగ్గా ఇప్పిస్తామనేవాళ్లను గడప తొక్కనియ్యొద్దు, దొరికితే కనీసం 2 ఏళ్ల జైలు.

ఇంకొకటి, పారిపోయే వైరు దొంగను కాలిస్తే కేసు నీమీదే. వైర్ల కోసమే అయితే రెండు కుక్కలు, ఒక సోలార్ లైటు పెట్టి చూడు ముందు.