కారు చక్రాల కింద పేవర్లు కుంగాయి: కాంట్రాక్టర్‌పై కేసు నిలుస్తుందా?

ప్రశ్న: గేటు నుంచి కారు నిలిపే చోటు దాకా, పెరట్లో కూర్చునే చప్టాకు కూడా పేవర్ బ్లాకులు వేయించాం. 60 మిల్లీమీటర్ల బ్లాకులు వేస్తానని, కింద కంకర పరిచి రోలింగ్ చేస్తానని కాంట్రాక్టర్ వాట్సాప్‌లో కొటేషన్ పంపాడు. అంతకుమించి ఏమీ రాసుకోలేదు. ముప్పావు వంతు డబ్బు ఇచ్చేశాం. మొదటి వర్షాలకే చక్రాలు నడిచే చోట రెండు గాళ్లు పడ్డాయి. చప్టా మీది నీళ్లు ఇంటి గోడ వైపు వచ్చి నిలుస్తున్నాయి. అంచున ఊడిన ఒక బ్లాకును కొలిస్తే 50 మిల్లీమీటర్లే ఉంది. అడిగితే, "కొత్తలో కుంగడం మామూలే, బ్యాలెన్స్ ఇస్తే వచ్చి సరిచేస్తా" అంటున్నాడు. ఒప్పంద పత్రం లేకుండా కేసు వేయొచ్చా? బ్యాలెన్స్ ఆపితే మాదే తప్పవుతుందా? వేరేవాళ్లతో తీయించి మళ్లీ వేయించుకోవచ్చా?

జవాబు: కేసు వేయొచ్చు. కానీ ముందుగా ఒక మాట. ఆ బ్లాకుల్ని ఇప్పుడే తీయించకండి. మీ కేసుకు బలమంతా వాటి కిందే ఉంది. కోపంతోనో, వర్షాల భయంతోనో ముందు తీయించి తర్వాత న్యాయం కోసం వచ్చేవారిని చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. పని బాగా లేదని అందరికీ తెలిసినా, చూపించడానికి అక్కడ ఏమీ మిగలదు.

పేవర్లు కుంగితే తప్పు సాధారణంగా బ్లాకుది కాదు, దాని కింది పొరలది. నేలను తవ్వి, కంకర పొరలు పొరలుగా వేసి, తడిపి, రోలర్‌తో గట్టిపరచాలి. దానిమీద ఇసుకో డస్టో పలచగా, అంగుళం నుంచి అంగుళంన్నర మందంలో పరిచి బ్లాకులు పేర్చాలి. కంకరను సరిగా తొక్కించకుండా పల్లాలను ఇసుకతో పూడ్చేస్తే, పని అప్పగించిన రోజు అద్దంలా కనిపిస్తుంది. వాన పడగానే ఇసుక సర్దుకుని చక్రాల బాటలో గాడి పడుతుంది. అంచు కట్టు గట్టిగా లేకపోతే బ్లాకులు పక్కకు జరిగి సందులు విచ్చుకుంటాయి.

అందుకని మొదట కాంట్రాక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి: ఫలానా రోజు, ఫలానా సమయానికి ఒక సివిల్ ఇంజినీరు చేత తనిఖీ చేయిస్తున్నాం, మీరు కూడా రండి అని. అతను వచ్చినా రాకపోయినా, ఆ రోజు గాడిలో ఒకచోట, కుంగని భాగంలో మరోచోట, చదరపు మీటరు చొప్పున మాత్రమే బ్లాకులు తీయించండి. టేపు ఆనించి ఇసుక ఎంత మందం, కంకర ఎంత లోతు ఉన్నాయో ఫొటోలు, వీడియో తీయండి. చప్టా వాటం ఎటుందో లెవల్ పెట్టి కొలిపించండి. తీసిన బ్లాకులు నాలుగు దాచండి. ఇంజినీరు సంతకం చేసిన నివేదిక తీసుకోండి. దేనికైనా దీన్ని మించిన ఆధారం ఉండదు.

ఇక ఒప్పంద పత్రం సంగతి. భారత కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది. మీ దగ్గరైతే రాతలో కొటేషన్ కూడా ఉంది, డబ్బు పంపిన లెక్కలున్నాయి. చాట్‌ను చెరపకండి, ఆ ఫోన్ మార్చకండి. కోర్టులో ఎలక్ట్రానిక్ రికార్డు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. అది మీ వకీలు చూసుకుంటారు.

50, 60 మధ్య తేడాను తేలిగ్గా తీసుకోకండి. కాంట్రాక్టర్ తరఫున ఒక వాదన రావచ్చు. పేవర్ బ్లాకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 15658, 2006 నాటి కూర్పులో ఇంటి ముందరి దారులను 50 మిల్లీమీటర్ల వరుసలోనే చేర్చింది. కాబట్టి ఆ మందం చాలునని అనవచ్చు. మీ జవాబు సూటిగా ఉండాలి: మాకు ఒప్పుకున్నది 60, డబ్బు తీసుకున్నది 60కి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 2(11) సెక్షన్, ఒప్పందం ప్రకారం చేస్తానన్న పని నాణ్యతలోనూ తీరులోనూ తగ్గితే దాన్ని సేవాలోపమనే అంటుంది.

బ్యాలెన్స్ ఆపొచ్చు. పని సక్రమంగా ముగించాకే చివరి సొమ్ము ఇవ్వాలన్నది మీ ఏర్పాటైతే, అతను తన వంతు చేయకుండా మిమ్మల్ని నిలదీయలేడు. కానీ మౌనంగా ఆపకండి. ఏ లోపాల వల్ల ఆపుతున్నారో, ఎన్నాళ్లలో సరిచేయాలో నోటీసులో రాసి స్పీడ్ పోస్టులో పంపండి. పదిహేను రోజుల గడువు సమంజసం. ఆ గడువు దాటాక వేరేవారితో చేయించుకుని ఆ ఖర్చు అతన్నుంచి కోరవచ్చు. నష్టాన్ని తగ్గించుకునే దారి ఉండి కూడా వాడుకోకపోతే కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద పరిహారం లెక్కలో అది మీకు వ్యతిరేకంగా పోతుంది. గోడలోకి చెమ్మ దిగుతోందంటే ఏళ్ల తరబడి అలాగే వదిలేయడమూ సరికాదు. తనిఖీ నివేదిక చేతికొచ్చి, గడువు ముగిశాక నిశ్చింతగా తీయించండి.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు మీరు నివసించే చోటే వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. అతను "వస్తా, చేస్తా" అంటూ నెట్టుకొచ్చే నెలలు కూడా ఆ రెండేళ్లలోనే కరిగిపోతాయి. పోలీసు ఫిర్యాదు గురించి చాలామంది అడుగుతారు. మొదటి నుంచే మోసగించే ఉద్దేశం ఉందని చూపలేకపోతే పని బాగా చేయలేదన్నది సివిల్ వివాదమే. అక్కడ సమయం పోగొట్టుకోకండి.

అన్నీ లోపాలని రాయకండి, అది మీ మాట విలువ తగ్గిస్తుంది. కాంక్రీటు బ్లాకుల మీద తెల్లగా పూసే ఉప్పు సహజం, చాలావరకు కొంతకాలానికి పోతుంది. రంగులో స్వల్ప తేడా కూడా అంతే.

మళ్లీ వేయించేటప్పుడు ఒక కాగితం రాసుకోండి. "మంచి క్వాలిటీ మెటీరియల్" అన్న మాటకు కోర్టులో విలువ లేదు. బ్లాకు మందం, గ్రేడు, కంకర మందం, రోలింగ్, వాటం ఎటువైపు, అంచు కట్టు, ఎంతకాలం పూచీ అన్నవి రాయించండి. బ్లాకులకు బదులు పోత కాంక్రీటు అనుకుంటే జాయింట్లు ఎక్కడెక్కడ కోస్తారో, ఎన్ని రోజులు నీళ్లు కడతారో కూడా చేర్చండి. రాతి పలకలైతే చప్టాకు నున్నటి పాలిష్ వద్దని, గరుకు ముఖమే కావాలని రాయండి. నున్నటి రాయి తడిస్తే జారుతుంది. డబ్బు మాత్రం పని దశలవారీగా ఇవ్వండి. కంకర తొక్కించాక, ఇసుక పరచకముందు మీరు చూసి ఫొటో తీసుకున్న తర్వాతే రెండో వాయిదా ఇవ్వండి. చివరి భాగం మొదటి గట్టి వాన పడి, నీళ్లు ఎటు పోతున్నాయో తేలాకే ఇస్తామని ఆ కాగితంలోనే ఇద్దరూ సంతకం చేయండి.